మత్తడి కింది ఇళ్ళు

2025 సెప్టెంబరు 26 రాత్రి మూసీ నది హైదరాబాద్ మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. పండక్కి ఊళ్ళకు బయల్దేరినవాళ్ళు ప్లాట్‌ఫారాల మీద చిక్కుకుపోతే సిబ్బంది తాళ్ళు కట్టి బయటికి తెచ్చారు. ఆ రాత్రి ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల నుంచి కలిపి వదిలిన నీళ్ళు 30 వేల క్యూసెక్కుల పైచిలుకు. 1908 సెప్టెంబరు 28న ఇదే నది ఇదే చోట పొంగినప్పుడు గరిష్ఠ ప్రవాహం 4,25,000 క్యూసెక్కులని మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్కకట్టారు. నాటి వరదలో పదోవంతు కూడా లేని నీళ్ళకే ఇవాళ నగరం నడిబొడ్డున బస్సులు ఆగిపోయాయన్నమాట. వానలు పెరిగాయా, తీరు మారిందా అన్న చర్చ ఎటూ తేలకపోయినా, నదికి ఉన్న చోటు తగ్గిందన్నది కంటికి కనిపిస్తూనే ఉంది. ఆ చోటు తనంతట తాను తగ్గలేదు.

వరద ముప్పులో మనిషి నడవడి పాత్ర ఎంత అన్న ప్రశ్న కొత్తదేమీ కాదు. అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1945లోనే దీన్ని తన పరిశోధనకు కేంద్రం చేసుకున్నాడు. నది పొంగడం ప్రకృతి పని, నష్టం మాత్రం చాలావరకు మనిషి చేతుల్లోనే ఉందని ఆయన వాదన. ఆయన బాటలో నడిచిన రాబర్ట్ కేట్స్ 1962లో ఇంకో సంగతి బయటపెట్టాడు. మనుషులు తాము చూసిన వరదనే కొలమానంగా పెట్టుకుంటారు, అంతకన్నా పెద్దది రావచ్చన్న ఊహ వాళ్ళకు అందదు. 1978లో హోవర్డ్ కున్‌రాయ్‌థర్ బృందం, బీమా చవగ్గా దొరికినా జనం ఎందుకు కొనరో పరిశీలించింది. ఎప్పుడో వచ్చే ఆపదను మనసు రానిదానికిందే జమ కడుతుందని తేల్చింది. 2012లో బూబెక్, బోట్జెన్, ఆర్ట్స్ కలిసి చేసిన సమీక్ష ఈ రంగంలో అందరూ నమ్మిన ఒక సూత్రాన్నే కదిపింది. ప్రమాదం తెలిస్తే జాగ్రత్త పడతారన్నది ఆ సూత్రం. తెలియడానికీ జాగ్రత్త పడడానికీ మధ్య సంబంధం చాలా బలహీనమని వాళ్ళు చూపించారు. 2018లో ఆర్ట్స్ మరికొందరితో కలిసి, వరద ముప్పు లెక్కల్లో మనిషి నడవడిని కూడా చేర్చాలని ప్రతిపాదించాడు.

ఇదంతా విలువైన పనే. అయితే ఇందులో చాలా భాగం చూపు ఒకే మనిషి మీద నిలుస్తుంది: నీళ్ళు వచ్చే ఇంటి యజమాని మీద. అతనికి తెలుసా, భయపడ్డాడా, సామాను పైకి ఎత్తిపెట్టాడా, హెచ్చరిక విన్నాడా? పాతబస్తీలో ఈ ప్రశ్నలు అడిగితే జవాబులు వస్తాయి కానీ అసలు సంగతి చేజారిపోతుంది. ఇక్కడ వరదను నిర్ణయించే పనులు చేసేవాళ్ళు ఎక్కువమంది వరద రాని చోట ఉంటారు. ప్లాట్లు కోసినవాడు, రిజిస్ట్రేషన్ చేసిన అధికారి, కరెంటు మీటరు బిగించిన శాఖ, జలాశయం గేట్ల దగ్గర ఆదేశం కోసం ఎదురుచూసే ఇంజనీరు, ఎన్నికల ముందు సీసీ రోడ్డు వేయించిన నాయకుడు. నడవడి అంటే వీళ్ళది కూడా.

1908 కథ అందరికీ తెలిసినదే అయినా, ఈ కోణంలో మళ్ళీ చూడాలి. 1631, 1831, 1903ల్లో కూడా మూసీ పొంగింది. అంటే నది తన పరిధి ఎంతవరకో నగరానికి ముందే చెప్పింది. అయినా అఫ్జల్‌గంజ్, కోల్సావాడి, బేగంబజార్ వైపు జనం ఒడ్డును ఆనుకునే బతికారు. వ్యాపారం అక్కడ, వంతెనలు అక్కడ. ఆ సెప్టెంబరులో శంషాబాద్ దగ్గర 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయి. ఈ రెండో అంకె మీద ఆగాలి. నది ఒక్కటే పొంగితే ఒక తీరు, ఎగువ చెరువుల కట్టలు ఒకదాని తర్వాత ఒకటి తెగి ఆ నీళ్ళు ఒక్కసారిగా కలిస్తే మరో తీరు. పై చెరువు తెగిన నీళ్ళు కింది చెరువు కట్టను తోసుకుపోతాయి. నిర్వహణ లేని గొలుసుకట్టు వరదను ఆపదు, మోసుకొస్తుంది. చచ్చిపోయినవాళ్ళు 15 వేల మంది అన్నది ఎక్కువగా చెప్పే లెక్క. అంతకు చాలా ఎక్కువని చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ ఆ నీళ్ళలోనే పోగొట్టుకున్నాడు.

ఆ రాత్రి ప్రాణాలు దక్కించుకోవడానికి జనం రెండు చోట్లు ఎంచుకున్నారు. కొందరు ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కారు. 150 మంది బతికారని చెబుతారు, ఆ చెట్టు ఇంకా ఉంది. కొందరు గట్టిదని నమ్మి పేట్లబురుజు ఎక్కారు. బురుజు కూలి వాళ్ళు దానితోపాటే పోయారు. కోటగోడ కన్నా చెట్టు గట్టిదని ముందుగా ఎవరికి తెలుస్తుంది? ఆపద నడుమ మనిషి తీసుకునే నిర్ణయాన్ని తప్పొప్పుల తరాజులో తూచడం తేలిక. పెద్ద తేడా తెచ్చే నిర్ణయాలన్నీ అంతకు ఏళ్ళ ముందే జరిగిపోయి ఉంటాయి.

వరద తగ్గడానికి నిజాం మహబూబ్ అలీ పాషా మూసీకి పసుపుకుంకుమలూ చీరా సమర్పించాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. లాల్‌దర్వాజా సింహవాహిని అమ్మవారి బోనాలను కూడా ఆ కథతో ముడిపెడతారు. దైవం మీద భారం వేసేవాళ్ళు చేయాల్సిన పని చేయరన్నది విపత్తు పరిశోధనల్లో తరచూ వినిపించే మాట. ఈ సంగతిలో అది నిలవదు. పసుపుకుంకుమలు సమర్పించిందని చెప్పుకునే ఆ సర్కారే మరుసటి ఏడాది, 1909లో, విశ్వేశ్వరయ్యను పిలిపించింది. నగరానికి ఎగువన వరద నీటిని పట్టి ఉంచే జలాశయాలు కట్టమనీ, నది వెంబడి గట్లూ తోటలూ వేయమనీ ఆయన నివేదిక ఇచ్చారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఒడ్డున కిక్కిరిసిన పేదల బస్తీలు తొలగించింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కాలేజీ ఆ తర్వాత నదికి చెరోపక్కా లేచినవే. పేదల్ని ఖాళీ చేయించి నది ఒడ్డును అందంగా తీర్చిదిద్దడం ఈ నగరంలో 2024 నాటి మూసీ పునరుజ్జీవన పథకంతో మొదలైన ఆలోచన కాదని గుర్తుపెట్టుకోవాలి.

జలాశయాలు తమ పని చేశాయి. ఆ తర్వాత నూరేళ్ళలో 1908 లాంటిది మళ్ళీ రాలేదు. చిక్కంతా అక్కడే మొదలైంది. వైట్ బాటలో నడిచినవాళ్ళు దీన్ని కరకట్ట ప్రభావం అన్నారు. కట్ట కడితే చిన్న వరదలు ఆగిపోతాయి, చిన్న వరదలు ఆగితే జనం భయం మరిచిపోతారు, కట్ట నీడలో ఇళ్ళు లేస్తాయి. చివరికి కట్ట ఆపలేని వరద వచ్చిన రోజు కట్ట లేనప్పటి కన్నా ఎక్కువ నష్టం. జూలియానో డి బాల్దసార్రే లాంటివాళ్ళు పదేళ్ళకు పైగా నదులనూ సమాజాలనూ కలిపి లెక్కకడుతూ తేలుస్తున్నది కూడా ఇదే. మూసీ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆ రెండు జలాశయాలూ వరద కోసం కట్టినవైనా, నగరం వాటిని తాగునీటికి వాడుకోవడం మొదలుపెట్టింది. వరదను పట్టాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీటికి కావాలంటే నిండా ఉండాలి. వానాకాలం చివర్లో, సెప్టెంబరు అక్టోబరుల్లో, వచ్చే వేసవి మీద బెంగతో ఏ అధికారీ నీళ్ళు ముందుగా వదలడానికి ఇష్టపడడు. వాన రాకపోతే నీళ్ళు పారబోశావంటారు, వస్తే వదల్లేదంటారు. మొదటి తిట్టు ఖాయం, రెండోది అనుమానం. ఆ స్థానంలో ఎవరున్నా నిండా పట్టి ఉంచడానికే మొగ్గుతారు. 2015లో చెన్నైలో చెంబరంబాక్కం జలాశయం చుట్టూ రేగిన వివాదం అచ్చంగా ఇలాంటిదే. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు వచ్చాక హైదరాబాద్ తాగునీటికి ఈ జంట జలాశయాల మీద ఆధారపడడం బాగా తగ్గింది. అయినా వాటిని మళ్ళీ వరద జలాశయాలుగా నడపాలన్న నిర్ణయం స్పష్టంగా జరిగినట్టు కనిపించదు.

2010 తర్వాత దాదాపు పదేళ్ళు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తాల్సిన అవసరం రాలేదు. పదేళ్ళంటే పాతబస్తీ భూముల లెక్కల్లో చిన్న కాలం కాదు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ వైపు నది ఒక మురుగు పాయగా సన్నబడింది. మిగిలిన నదీగర్భం జాగాలా కనిపించింది. మొదట రేకుల షెడ్డు, తర్వాత ఇటుక గోడ, ఆ తర్వాత స్లాబు. ఓటరు కార్డు వచ్చింది, నల్లా వచ్చింది, కరెంటు బిల్లు వచ్చింది. 2020 అక్టోబరు 13 రాత్రి గేట్లు తెరిచినప్పుడు అక్కడికి వచ్చిన నీళ్ళు ఆ కుటుంబాల పిల్లలకు పుట్టి బుద్ధెరిగాక చూసిన తొలి వరద. కేట్స్ చెప్పిన అనుభవపు చెర ఇదే. అయితే ఆ చెరలో వాళ్ళను ఒంటరిగా పెట్టలేదు. ప్రతి శాఖా తన వంతు తాళం వేసింది.

నది సంగతి ఇది. పాతబస్తీ దక్షిణపు అంచున ఉన్న చెరువుల కథ ఇంకా చిక్కనిది, నా ఉద్దేశంలో ఇంకా ముఖ్యమైనది. 2020 అక్టోబరులో జనం ఎక్కువగా నలిగింది అక్కడే. 13 రాత్రి బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది. గగన్‌పహాడ్ అప్పచెరువు కట్ట తెగి బెంగళూరు హైవే మీద వాహనాలు కొట్టుకుపోయాయి. మైలార్‌దేవ్‌పల్లి పల్లె చెరువు పొంగి అలీనగర్‌లో ఒకే ఇంటివాళ్ళను ఎనిమిదిమందిని లాక్కుపోయింది. ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీలో మొదటి అంతస్తు దాకా నీళ్ళు. బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో ప్రహరీగోడ ఇళ్ళ మీద కూలి పలువురు చనిపోయారు. నాలుగు రోజులకు, 17 రాత్రి, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. హాఫిజ్‌బాబానగర్, ఫూల్‌బాగ్ గల్లీల్లో కార్లు ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. జల్‌పల్లిలో బుర్హాన్‌ఖాన్ చెరువు పక్కనున్న ఉస్మాన్‌నగర్‌లో నీళ్ళు నెలల తరబడి దిగలేదు. నెలల తరబడి దిగని నీళ్ళను వరద అనడం కూడా సరికాదు. అది చెరువు తన చోటికి తిరిగి రావడం.

ఈ చెరువుల్లో ఇళ్ళు ఎలా లేచాయో తెలియాలంటే శిఖం భూమి సంగతి తెలియాలి. తెలంగాణలో చెరువు నిండినప్పుడు మునిగే భూమి శిఖం. అది ప్రభుత్వానిదే కానక్కర్లేదు. శిఖం పట్టాదారులు ఉంటారు. నీళ్ళు దిగాక ఆ ఒండ్రులో పంట వేసుకునే హక్కు వాళ్ళది, కట్టుకునే హక్కు కాదు. పల్లెలో ఈ ఏర్పాటు తరాలపాటు చక్కగా నడిచింది. నగరం దగ్గరికొచ్చేసరికి ఎకరం విలువ పంట విలువను ఎక్కడికో దాటిపోయింది. పట్టా చేతిలో ఉంది, చెరువు ఎండి ఉంది, కొనేవాళ్ళు క్యూ కట్టారు. అమ్మకాలు సాధారణంగా వేసవిలో జోరుగా సాగుతాయి. నీళ్ళున్న నెలల్లో ప్లాటు చూపించేవాడు ఉండడు కదా. వంద గజాలు, నూట ఇరవై గజాలు, నోటరీ కాగితం మీద బేరం. రిజిస్ట్రేషన్ అయితే ఇంకో లక్ష ఎక్కువ. గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి డ్రైవరుగా చేసి పంపిన డబ్బుతో, లేదా చార్మినార్ దగ్గర అద్దె ఇంట్లో అన్నదమ్ముల మధ్య ఇమడలేక, తమకంటూ ఒక గది కావాలనుకున్న కుటుంబం ఆ ప్లాటు కొంటుంది. కొనేవాడు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండినప్పటి నీటి హద్దు, ఎక్కడని అడగడు. అడిగినా అమ్మేవాడు హద్దు రాయి చూపిస్తాడు, ఆ రాయి మొన్న ఇంకో చోట ఉండి ఉండవచ్చు.

కొన్నవాడికి ప్రమాదం తెలియదా అంటే, చాలామందికి తెలుసు. మత్తడి ఎటు దూకుతుందో ఇరుగుపొరుగు ముసలివాళ్ళు చెబుతూనే ఉంటారు. కానీ అతను ఎంచుకున్నది మునిగే ఇల్లూ మునగని ఇల్లూ మధ్య కాదు. మునిగే సొంత ఇల్లూ, జీవితాంతం అద్దె ఇల్లూ మధ్య. పదేళ్ళకొకసారి వచ్చే నీళ్ళకు భయపడి నెలనెలా వచ్చే అద్దెకు లొంగిపోవడం అతని లెక్కలో తెలివైన పని కాదు. ఆ లెక్కను తప్పని చెప్పడానికి నాకు ధైర్యం చాలదు. ఇంటి యజమాని మనసును కొలిచే పరిశోధనలు ఇక్కడికొచ్చి ఆగిపోతాయి. ప్రమాదం తెలుసు, అయినా కదలడు, కాబట్టి అవగాహన పెంచాలంటాయి. అతనికి కావల్సింది అవగాహన కాదు, ఇంకో చోట అదే ధరకు వంద గజాలు.

ప్రభుత్వాలు పంపే సంకేతాలు కూడా చూడాలి. 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలకు హద్దులు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 69 జీవో వచ్చింది. పైన ఫామ్‌హౌస్‌లు, కన్వెన్షన్ హాళ్ళు ఎంత కాంక్రీటు పోస్తే జలాశయంలోకి నీళ్ళు అంత తొందరగా వస్తాయి, గేట్లు అంత తొందరగా తెరవాల్సి వస్తుంది, కింద చాదర్‌ఘాట్‌లో జనానికి బయటపడే వ్యవధి అంత తగ్గుతుంది. ఈ గొలుసులో మొదటి కొస మీద ఉన్నవాడికీ చివరి కొస మీద ఉన్నవాడికీ ముఖపరిచయం కూడా ఉండదు. 2020 వరదకు దాదాపు ఆరు వారాల ముందు, ఆగస్టు 31న, అనుమతిలేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ ప్రకటించారు. చెరువు, నాలా భూములకు వర్తించదన్న షరతు అందులో ఉంది. కాగితం మీద ఉన్న షరతు కన్నా, ఆగితే ఏదో ఒక రోజు అన్నీ రెగ్యులర్ అవుతాయన్న నమ్మకమే బస్తీల్లో బలంగా నాటుకుంది. మాఫీ పథకం ప్రతిసారీ రాబోయే ఆక్రమణకు అడ్వాన్సు లాంటిది.

ఇక వరద వచ్చిన ప్రతిసారీ చెప్పే మాట ఒకటుంది: జనం నాలాల్లో చెత్త వేస్తారు. వేస్తారు, నిజమే. పరుపులు, సోఫా ముక్కలు, కూల్చిన ఇంటి మట్టి, కవర్లు, కోళ్ళ దుకాణాల వ్యర్థాలు యాకుత్‌పురా మూర్కీ నాలాలో తేలుతూ కనిపిస్తాయి. ఇంటింటికీ చెత్త బండి రోజూ రాని గల్లీలో నాలాయే బండి. కానీ ఈ మాట ఒక ధూళిమేఘంలా పనిచేస్తుంది, అసలు లెక్కను కప్పేస్తుంది. 2000 ఆగస్టు 24న 24 సెంటీమీటర్ల వాన నగరాన్ని ముంచాక వరద నీటి కాలువల ప్రణాళిక కోసం కిర్లోస్కర్ సంస్థను నియమించారు. 2003లో ఆ నివేదిక వచ్చింది. నాలాలు వెడల్పు చేయాలి, ఆక్రమణలు తొలగించాలి, కింది చెరువు దాకా దారి తెరవాలి అని అందులో ఉంది. అది అల్మరాలో ఉండగానే నగరం దాని చుట్టూ పెరిగింది. 2020 తర్వాత వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం పేరుతో దాదాపు వెయ్యి కోట్ల తొలి విడత పనులు మొదలయ్యాయి. పదిహేడేళ్ళ పాటు నివేదికను పట్టించుకోకపోవడం కూడా నడవడే. పాన్‌షాపువాడు నాలాలో కవరు పడేయడం కన్నా దాని బరువు చాలా ఎక్కువ.

2020 జులైలో ఒక మామూలు గట్టి వానకు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం వార్డుల్లోకి నీళ్ళు వచ్చాయి. వరదలో పోయిన నగరాన్ని తిరిగి కట్టే ప్రయత్నంలో లేచిన ఆసుపత్రి, చింతచెట్టు పక్కనే, నది పొంగకుండానే మురుగునీటితో మునిగింది. రోగుల్ని మంచాలతో సహా తరలించి ఆ బ్లాకును మూసేశారు. ఇందులో ప్రకృతి పాలు ఎంతో చెప్పడం కష్టం కాదు.

ఇళ్ళ లోపలి నడవడి వేరే తీరుగా సాగుతోంది, బాగా చూస్తే అందులో తెలివి కనిపిస్తుంది. హాఫిజ్‌బాబానగర్‌లో ఒక గల్లీ చాలు. 2020 తర్వాత కొత్త ఇళ్ళ గడపలు రోడ్డుకు మూడు నాలుగడుగులు ఎత్తున లేచాయి. పాత ఇళ్ళ గడపలు రోడ్డుకు రెండు మెట్లు దిగువన ఉన్నాయి. ఆ ఇళ్ళు కుంగలేదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ప్రతిసారీ కొత్త పొర వేస్తే రోడ్డే లేచింది. దిగువ గడపవాళ్ళు తలుపు చట్రానికి రెండు పక్కలా ఇనుప గాడి బిగించుకుని, వానాకాలం రాగానే రేకు దింపుతారు. ఫ్రిజ్జు సిమెంటు ఇటుకల మీద. స్విచ్ బోర్డులు ఛాతీ ఎత్తున. బియ్యం డ్రమ్మూ పిల్లల సర్టిఫికెట్లూ అటక మీద. కుట్టుమిషను మోటారు విప్పి పైకి పంపడం ఇంటి ఆడవాళ్ళ మొదటి పని. జరీ పని, లక్కగాజులు, కుట్టు, ఇవన్నీ ఇంట్లోనే సాగే చోట ఇల్లు మునిగితే జీతమూ మునుగుతుంది. ఇంత జాగ్రత్త ఉన్న మనుషుల్ని అవగాహన లేనివాళ్ళని ఎలా అంటాం?

చిక్కు ఏమిటంటే, ఒకడి జాగ్రత్త ఇంకొకడి మీదికి నీళ్ళను తోస్తుంది. గల్లీలో నలుగురు గడప ఎత్తుకుంటే ఎత్తుకోలేని ఐదో ఇల్లు గుంట అవుతుంది. ఆ ఐదో ఇల్లు దాదాపు ఎప్పుడూ విధవరాలిదో, అద్దెకున్నవాళ్ళదో. ఇంకొన్ని అలవాట్లు నేరుగా ప్రాణాంతకం. రోడ్డు మీద నీళ్ళు దిగాలని మ్యాన్‌హోల్ మూత తీసేస్తారు, ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పెట్టడం మరిచిపోతారు. కాజ్‌వే మీద నీళ్ళు పారుతుంటే బైకువాడు అవతలి ఒడ్డుకు చూసి దూరం లెక్కేస్తాడు, లోతును కాదు. అడుగు లోతు పారే నీళ్ళు చిన్న కారును తేలుస్తాయని చెబితే నమ్మడు, రోజూ దాటే దారి కనుక. పురానాపూల్ మీద వరద చూడడానికి జనం గుమిగూడడం, ఫోన్లు ఎత్తడం సరేసరి. వీటికి పోలీసు తాడూ బ్యారికేడూ సరిపోతాయి, సిద్ధాంతాలు అక్కర్లేదు.

హెచ్చరికల విషయంలో మాత్రం సిద్ధాంతం కొంత అక్కరకొస్తుంది. తెలుగువాళ్ళ దగ్గరే దానికి గట్టి నమూనా ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పదివేలమంది దాకా పోయారు. ఆ తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు వచ్చాయి, రేడియో మాట మీద నమ్మకం కుదిరింది. 2014 అక్టోబరులో విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ నాటికి లక్షలమందిని ముందే తరలించారు, మరణాలు దివిసీమతో పోలిస్తే చాలా తక్కువకు ఆగాయి. తీరంలో జనం మారారు కనుక బతికారనడం సగం మాటే. వెళ్ళడానికి చోటు ఉంది, వెళ్ళినవాళ్ళు తిరిగొస్తే ఇల్లు తమదిగానే ఉంటుందన్న భరోసా ఉంది. మూసీ ఒడ్డున ఆ రెండోదే లేదు. గేట్లు తెరుస్తున్నాం, ఖాళీ చేయండి అని మైకులో చెప్పినప్పుడు మూసానగర్ ఇల్లాలు ఆడపిల్లల్ని ఫంక్షన్ హాలుకు పంపి, మగవాడిని ఇంటి పైకప్పు మీద ఉంచుతుంది. దొంగల భయం ఒకటి. ఖాళీ చేసిన ఇంటిని అధికారులు ఖాళీగానే లెక్కకడతారన్న భయం రెండోది. 2024 సెప్టెంబరులో మూసీ గర్భంలోని ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ఆర్‌బీఎక్స్ అని కూల్చివేత గుర్తులు వేశాక ఆ రెండో భయం ఊహ కాదు. హెచ్చరించే నోరూ కూల్చే చేయీ ఒకే సర్కారువి అయినప్పుడు సైరన్ మీద నమ్మకం ఎంత నిలుస్తుంది?

సాయం అందే తీరు కూడా జనం తీరును మారుస్తుంది. 2020 అక్టోబరు 19న ఇంటికి 10 వేల రూపాయల సాయం ప్రకటించి 550 కోట్లు కేటాయించారు. మొదట బృందాలు గల్లీల్లోకి వచ్చి నగదు ఇచ్చాయి. ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, మధ్యలో ఎవరు కొట్టేశారు అన్న గొడవ రేగింది. తర్వాత మీసేవా కేంద్రాల ముందు దరఖాస్తులన్నారు. ఎండలో కిలోమీటర్ల క్యూలు. మునిసిపల్ ఎన్నికల కోడ్ వచ్చి నవంబరు 18న ఎన్నికల సంఘం ఆపించింది. ఇందులో పాతబస్తీ జనం నేర్చుకున్న పాఠం ఒక్కటే: సాయం వచ్చే వేళకు మనిషి ఇంట్లో ఉండాలి. బురద ఎత్తకుండా, తడిసిన పరుపు పారేయకుండా, అధికారి వచ్చి చూసేదాకా అలాగే ఉంచడం అప్పట్లో ఎన్నో ఇళ్ళలో కనిపించింది. రోగాల మాట తర్వాత సంగతి. సాక్ష్యం ముఖ్యం.

2024 జులైలో చెరువులూ నాలాల ఆక్రమణలు తొలగించడానికి హైడ్రా ఏర్పడింది. చాలా ఏళ్ళకు ఒక ప్రభుత్వ సంస్థ చెరువు హద్దును నిజంగా హద్దులా చూసింది, అది మంచిదే. కట్టే ముందు రెండుసార్లు ఆలోచించేవాళ్ళు ఇప్పుడు ఉన్నారు, కొనే ముందు ఎఫ్‌టీఎల్ మ్యాపు అడిగేవాళ్ళు పెరిగారు. అంత తొందరగా జనం నడవడి మారడం ఈ నగరంలో అరుదు. అయితే ఎవరి గోడ ముందు కూలింది, ఎవరి కాలేజీకి గడువు దొరికింది అన్నది కూడా జనం లెక్కపెడుతున్నారు. బలమున్నవాడికి నోటీసు, బలం లేనివాడికి జేసీబీ అన్న అనుమానం ఒకసారి స్థిరపడితే, మళ్ళీ పాత లెక్కే మొదలవుతుంది: తొందరగా స్లాబు వేసుకో, మంది ఎక్కువైతే ఎవరూ కూల్చరు.

మూసీ ఒడ్డు నుంచి డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు వెళ్ళినవాళ్ళ సంగతి కూడా ఒక్క మాటలో తేలదు. మలక్‌పేట దగ్గర ఇల్లు దొరికినవాళ్ళు పనులకు దగ్గరగానే ఉన్నారు, వాళ్ళలో చాలామంది సంతోషంగానే చెబుతారు. దూరంగా పడినవాళ్ళకు ఆటో ఖర్చు, బడి మార్పు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు పోయిన నాలుగు ఇళ్ళ జీతం. నెదర్లాండ్స్‌లో నదికి చోటు వదిలే కార్యక్రమంలో కూడా రైతుల్ని కదిలించారు. కానీ ఎక్కడికి, ఎంతకు, ఎప్పటికి అన్నది ఏళ్ళ తరబడి వాళ్ళతోనే కూర్చుని తేల్చుకున్నారు. మనకు అంత ఓపిక లేదు, అక్కడిలా నష్టపరిహారానికి డబ్బూ లేదు. ఉన్నదల్లా ఒక సౌకర్యం: పాతబస్తీ అంచున కొన్ని చెరువుల శిఖంలో ఇంకా పూర్తిగా ఇళ్ళు లేవలేదు.

రాబోయే వాన సంగతి కూడా చెప్పుకోవాలి. 2020లో ఘట్‌కేసర్ దగ్గర పడిన 32 సెంటీమీటర్లు, 1908లో శంషాబాద్ దగ్గర పడిన 12.8 అంగుళాలు దాదాపు ఒకటే. తేడా ఏమిటంటే ఘట్‌కేసర్ నగరానికి దిగువన ఉంది. అదే వాన వికారాబాద్, చేవెళ్ళ వైపు, నిండిన జంట జలాశయాల ఎగువన పడితే ఏమవుతుందో ఇంజనీర్లు లెక్కవేసి చెప్పగలరు. ఆ లెక్క గల్లీల పేర్లతో, ఎన్ని గంటల్లో ఎంత లోతు అన్న వివరంతో, ఉర్దూలో తెలుగులో బస్తీ గోడల మీద ఉండాలి. సబ్‌రిజిస్ట్రార్ టేబుల్ మీద కూడా ఉండాలి. శిఖం సర్వే నంబరు తెరమీదికి రాగానే దస్తావేజు ఆగిపోయేలా సాఫ్ట్‌వేర్ రాయడం ఇవాళ పెద్ద పనేమీ కాదు. ఆగకుండా దాటేసిన సంతకానికి, ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఇల్లు మునిగినా సరే, సంతకం పెట్టినవాడు జవాబు చెప్పాలన్న నిబంధన మాత్రం ఇంతవరకూ ఏ జీవోలోనూ నా కంటపడలేదు.